బ్రౌజర్ ప్లగిన్‌లతో పొసగక ఈమెయిల్ ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈమెయిల్ ప్రోగ్రామ్ తెరిచిన కొద్ది క్షణాలకే దానంతట అదే మూతపడుతుంటే, చాలామంది మొదట దాన్ని తీసివేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. అయితే తప్పు ప్రోగ్రామ్‌లో కాక దానికి తగులుకొని ఉన్న మరో భాగంలో (ప్లగిన్, యాడ్-ఇన్, యాడ్-ఆన్, ఎక్స్‌టెన్షన్ అని రకరకాల పేర్లతో పిలిచే చిన్న అదనపు ప్రోగ్రామ్‌లో) ఉన్నప్పుడు ఆ శ్రమ వృథా అవుతుంది. అసలు దోషి ఏదో ముందుగా తేల్చుకొని, ఆ ఒక్కదాన్నే ఆపడం ఎలాగో ఈ ప్రశ్నల్లో వివరించాం. మెనూల పేర్లు మీ వెర్షన్‌ను బట్టి కొద్దిగా మారవచ్చు.

బ్రౌజర్ కోసం పెట్టుకున్న ప్లగిన్ వల్ల ఈమెయిల్ ప్రోగ్రామ్ ఎందుకు దెబ్బతింటుంది?

పైకి అవి రెండు వేర్వేరు ప్రోగ్రాములే అయినా, లోపల అవి పంచుకునే భాగాలు చాలానే ఉంటాయి. ఇప్పుడు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం హెచ్‌టీఎంఎల్ రూపంలో ఉంటాయి కనుక, వెబ్‌పేజీని తెర మీద చూపించే ఇంజిన్ లాంటిదే మెయిల్ ప్రోగ్రామ్‌కూ అవసరమవుతుంది. మొజిల్లా వారి మెయిల్ ప్రోగ్రామ్ అయిన థండర్‌బర్డ్‌లో ఆ పని చేసేది ఫైర్‌ఫాక్స్‌లో ఉన్న గెకో ఇంజినే. అవుట్‌లుక్ 2003 వెర్షన్ వరకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంజిన్‌ను వాడుకొని, 2007 వెర్షన్ నుంచి వర్డ్ ఇంజిన్‌కు మారింది. విండోస్‌లో వస్తున్న కొత్త అవుట్‌లుక్ ఎడ్జ్ బ్రౌజర్‌కు చెందిన వెబ్‌వ్యూ2 మీద నడుస్తుంది.

అంతకన్నా తరచుగా ఎదురయ్యే కారణం ఇన్‌స్టాలర్. పీడీఎఫ్ తయారీ సాఫ్ట్‌వేర్, ఆన్‌లైన్ సమావేశాల సాఫ్ట్‌వేర్, పాస్‌వర్డ్ మేనేజర్, యాంటీవైరస్ వంటివి పెట్టుకునేటప్పుడు ఒక్క ఇన్‌స్టాలరే బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్‌ను, మెయిల్ ప్రోగ్రామ్‌లో ఒక యాడ్-ఇన్‌ను, అటాచ్‌మెంట్ల ప్రివ్యూ కోసం మరో భాగాన్ని కలిపి పెట్టేస్తుంది. మీకు గుర్తున్నది బ్రౌజర్ బొత్తం ఒక్కటే కాబట్టి, మెయిల్ వైపు కూడా అది చేరిందన్న సంగతి తెలియకపోవచ్చు.

చేరినంత మాత్రాన ప్రోగ్రామ్ మొత్తం ఎందుకు కూలాలి? విండోస్‌లో ఈ యాడ్-ఇన్‌లలో చాలావాటిని డీఎల్ఎల్ ఫైళ్ళుగా తయారుచేస్తారు. అవి విడిగా నడవవు. మెయిల్ ప్రోగ్రామ్‌కు కేటాయించిన మెమొరీలోకే వచ్చి చేరతాయి. అక్కడ ఒక యాడ్-ఇన్ తనది కాని మెమొరీ చిరునామాను ముట్టుకుంటే, ఆపరేటింగ్ సిస్టమ్ ఆ యాడ్-ఇన్‌ను మాత్రమే విడదీసి ఆపలేదు కనుక, మొత్తం ప్రోగ్రామ్‌నే మూసివేస్తుంది. తెర మీద కనిపించే సందేశంలో మాత్రం మెయిల్ ప్రోగ్రామ్ పేరే ఉంటుంది. నింద దాని మీద పడడానికి కారణం ఇదే.

పాతకాలపు ప్లగిన్‌లను బ్రౌజర్లు ఎప్పుడో తీసేశాయి కదా, ఇంకా ఈ సమస్య ఎందుకు?

ఫ్లాష్, జావా వంటి ప్లగిన్‌లు ఎన్‌పీఏపీఐ అనే పద్ధతి మీద ఆధారపడేవి. ఆ పద్ధతికి మద్దతును క్రోమ్ 2015 సెప్టెంబరులో 45వ వెర్షన్‌తో పూర్తిగా తొలగించింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో 52వ వెర్షన్‌తో ఫ్లాష్ మినహా మిగిలినవాటిని ఆపేసింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు అడోబీ మద్దతు ముగియగా, 2021 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 85లో అది కూడా లేకుండా పోయింది. ఆ తరం ప్లగిన్‌లతో వచ్చే క్రాష్‌లు అలా చాలావరకు తెరమరుగయ్యాయి.

మిగిలినవి మూడు రకాలు. మొదటివి అవుట్‌లుక్‌లోని కామ్ యాడ్-ఇన్‌లు (పాత పద్ధతిలో రాసి, ప్రోగ్రామ్ లోపలే నడిచేవి), రెండోవి థండర్‌బర్డ్ యాడ్-ఆన్‌లు, మూడోవి ఎవరూ అడగకుండానే ఇతర ప్రోగ్రాముల మెమొరీలోకి చొరబడే యాంటీవైరస్, స్క్రీన్ రికార్డర్, గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ల డీఎల్ఎల్‌లు. మూడో రకమే ఎక్కువ చిక్కు తెస్తుంది, ఎందుకంటే అవి ఏ యాడ్-ఆన్‌ల జాబితాలోనూ కనిపించవు.

చాలాకాలంగా అప్‌డేట్ చేయని కంప్యూటర్లలో పాత టూల్‌బార్లు, పాత ప్లగిన్‌లు ఇంకా ఉండిపోయే అవకాశం ఉంది. అటువంటివి కనిపిస్తే పరీక్షలూ ఆలోచనలూ అక్కరలేదు, తీసివేయండి. వాటికి భద్రతా సవరణలు ఇక రావు.

నా సమస్యకు ప్లగినే కారణమని అనుమానించడానికి ఆధారాలు ఏమిటి?

అన్నిటికన్నా బలమైన ఆధారం కాలం. క్రాష్‌లు మొదలైన రోజుకు కాస్త ముందు ఏదైనా కొత్తగా ఇన్‌స్టాల్ చేశారా, లేక ఏదైనా దానంతట అదే అప్‌డేట్ అయిందా అన్నది చూడండి. విండోస్ స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని వెతికితే ‘వ్యూ రిలయబిలిటీ హిస్టరీ’ అనే పేజీ వస్తుంది. అందులో ఏ రోజు ఏ ప్రోగ్రామ్ కూలిందో, ఏ రోజు ఏది ఇన్‌స్టాల్ అయిందో ఒకే గ్రాఫులో తేదీల వారీగా కనిపిస్తుంది. దీని గురించి తెలిసినవారు తక్కువ. తెలుసుకుంటే సగం పని అక్కడే తేలిపోతుంది.

రెండో ఆధారం సందర్భం. తెరిచిన వెంటనే, ఖాతా లోడ్ కాకముందే మూతపడితే స్టార్టప్‌లో లోడయ్యే యాడ్-ఇన్‌ను అనుమానించాలి. పంపు బొత్తం నొక్కినప్పుడే మూతపడితే ఉత్తరాలను స్కాన్ చేసేవి, సంతకాలు చేర్చేవి, ఎన్‌క్రిప్ట్ చేసేవి ముందు వరుసలో ఉంటాయి. ప్రతిసారీ ఒకే ఉత్తరం దగ్గర ఆగిపోతుంటే మాత్రం ప్లగిన్ కన్నా ఆ ఉత్తరమో, దాన్ని దాచిన ఫైలో చెడిపోయి ఉండే అవకాశం ఎక్కువ.

సేఫ్ మోడ్‌లో ఎలా తెరవాలి? అది ఏం తేలుస్తుంది?

విండోస్‌లో సంప్రదాయ అవుట్‌లుక్‌ను తెరిచేటప్పుడు కంట్రోల్ మీటను నొక్కి పట్టుకోండి. సేఫ్ మోడ్‌లో ప్రారంభించాలా అని అడిగినప్పుడు అవునని చెప్పండి. థండర్‌బర్డ్ అయితే షిఫ్ట్ మీటను, మ్యాక్‌లో ఆప్షన్ మీటను నొక్కి పట్టుకొని తెరవాలి. ప్రోగ్రామ్ తెరుచుకోగలుగుతున్నట్లయితే హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూట్ మోడ్ ద్వారా కూడా ఇదే పని చేయవచ్చు. థండర్‌బర్డ్ అప్పుడు చూపే చిన్న పెట్టెలో మార్పులను శాశ్వతం చేసే గడులు కొన్ని ఉంటాయి. వాటిలో టిక్ పెట్టకుండా, ట్రబుల్‌షూట్ మోడ్‌లో కొనసాగే బొత్తాన్ని మాత్రమే నొక్కండి.

ఈ మోడ్‌లో యాడ్-ఆన్‌లు ఏవీ లోడ్ కావు. మామూలుగా ఏ పని చేస్తే క్రాష్ అవుతోందో అదే పనిని, అదే వరుసలో, కావాలని చేసి చూడండి. తెరిచి ఖాళీగా వదిలేస్తే పరీక్ష జరిగినట్లు కాదు. క్రాష్ రాకపోతే యాడ్-ఆన్‌ల మీద అనుమానం బలపడుతుంది. అయితే థండర్‌బర్డ్ ఈ మోడ్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను (తెర మీద చూపే పనిని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించే సౌకర్యాన్ని) కూడా ఆపుతుంది. అందువల్ల యాడ్-ఆన్‌లకు శిక్ష వేయకముందే, మామూలు మోడ్‌లో సెట్టింగ్స్‌లోని జనరల్ విభాగానికి వెళ్ళి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను మాత్రమే ఆపి ఒకసారి చూడడం న్యాయం. దానితోనే క్రాష్‌లు ఆగిపోతే తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌ది.

సేఫ్ మోడ్‌లో బాగానే ఉంది. ఉన్న యాడ్-ఆన్‌లలో దోషి ఏదో ఎలా పట్టుకోవాలి?

ఒక్కొక్కటిగా ఆపుతూ పోవడం కన్నా సగం సగం చేయడం మేలు. ఎనిమిది యాడ్-ఆన్‌లు ఉన్నాయనుకుందాం. నాలుగింటిని ఆపి, ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసి తెరవండి. క్రాష్ ఆగిపోతే దోషి ఆ నాలుగింటిలో ఉన్నట్లు. ఆగకపోతే నడుస్తున్న నాలుగింటిలో ఉన్నట్లు. ఆ నాలుగింటిని రెండుగా, రెండింటిని ఒకటిగా విడదీస్తే మూడు విడతల్లోనే పేరు బయటపడుతుంది. పదహారు ఉన్నా నాలుగు విడతలు చాలు. ప్రతి విడతలో ఏది ఆపారో, ఫలితం ఏమిటో ఒక కాగితం మీద రాసుకోండి.

ఈ పద్ధతి తప్పుదారి పట్టించే సందర్భం ఒకటుంది. రెండు యాడ్-ఆన్‌లు విడివిడిగా నిక్షేపంగా పనిచేస్తూ, కలిసి ఉన్నప్పుడు మాత్రమే పొసగక ప్రోగ్రామ్‌ను కూల్చవచ్చు. ఉత్తరం పంపేటప్పుడు జోక్యం చేసుకునేవి రెండున్నప్పుడు, ఒకటి ఉత్తరాన్ని మార్చి రెండోదానికి అందించే క్రమంలో ఇలా జరుగుతుంది. ఏ సగాన్ని ఆపినా క్రాష్ ఆగిపోతుంటే ఇదే కారణమని అనుమానించండి. అప్పుడు ఒక సగాన్ని పూర్తిగా నడిపిస్తూ రెండో సగంలోని వాటిని ఒక్కొక్కటిగా చేర్చుతూ పోతే జతలో ఒకటి దొరుకుతుంది. దాన్ని నడవనిచ్చి మొదటి సగాన్ని విడదీస్తే రెండోదీ దొరుకుతుంది.

అవుట్‌లుక్‌లో ఈ జాబితా కోసం ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్ వరుసలో వెళ్ళి, కింద మేనేజ్ దగ్గర కామ్ యాడ్-ఇన్స్ ఎంచుకొని గో నొక్కాలి. టిక్ తీసివేయడమే చాలు. ఈ దశలో రిమూవ్ నొక్కవలసిన పని లేదు. థండర్‌బర్డ్‌లో యాడ్-ఆన్స్ అండ్ థీమ్స్ పేజీలో ప్రతిదాని పక్కనా ఉన్న మీటతో ఆపవచ్చు.

అవుట్‌లుక్‌లో టిక్ తీసినా యాడ్-ఇన్ మళ్ళీ వచ్చేస్తోంది. ఎందుకు?

కంప్యూటర్‌లోని వినియోగదారులందరికీ వర్తించేలా ఇన్‌స్టాల్ చేసిన యాడ్-ఇన్‌ను మామూలు అధికారాలతో ఆపలేరు. అవుట్‌లుక్‌ను మూసి, దాని ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి అప్పుడు టిక్ తీయండి. సంస్థ ఇచ్చిన కంప్యూటర్ అయితే ఆ యాడ్-ఇన్‌ను నిర్వాహకులు విధిగా పెట్టి ఉండవచ్చు. వారికి చెప్పకుండా తీయడం సరికాదు. ఇవి రెండూ కాకపోతే, ఆ యాడ్-ఇన్‌ను తెచ్చిన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ దాన్ని తిరిగి పెడుతోందేమో చూడండి.

అవుట్‌లుక్ తనంతట తానే ఒక యాడ్-ఇన్‌ను ఆపేసింది. అదే దోషి అనుకోవచ్చా?

అనుకోనవసరం లేదు. అవుట్‌లుక్ 2013 నుంచి నెమ్మదిగా లోడయ్యే యాడ్-ఇన్‌లను కూడా ప్రోగ్రామ్ ఆపుతుంది. వరుసగా ఐదుసార్లు తెరిచినప్పుడు పట్టిన సమయాల మధ్యస్థ విలువ 1000 మిల్లీసెకన్లు దాటితే, అంటే ఒక సెకను దాటితే, దాన్ని నెమ్మదైనదిగా లెక్కిస్తుంది. నెమ్మదిగా ఉండడం వేరు, కూల్చడం వేరు. క్రాష్ కారణంగా ఆపినవి మేనేజ్ జాబితాలోని డిజేబుల్డ్ ఐటమ్స్‌లో కనిపిస్తాయి.

ఈవెంట్ వ్యూయర్‌లో ఏం చూడాలి?

స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్‌ను ఎంచుకోండి. క్రాష్ అయిన సమయానికి సరిపోయే ఎర్ర గుర్తున్న వరుసను వెతకండి. క్రాష్ అయితే ఆ ఈవెంట్ సంఖ్య 1000గా, బిగుసుకుపోయి ఆగితే 1002గా ఉంటుంది. 1000 సంఖ్య గల వరుసను తెరిస్తే అందులో ‘ఫాల్టింగ్ అప్లికేషన్ నేమ్’ దగ్గర మెయిల్ ప్రోగ్రామ్ పేరు, ‘ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్’ దగ్గర ఒక డీఎల్ఎల్ పేరు కనిపిస్తాయి. మనకు కావలసింది రెండోది. దాని కిందే ‘ఫాల్టింగ్ మాడ్యూల్ పాత్’ అనే వరుస ఉంటుంది. డీఎల్ఎల్ పేరు అర్థం కాకపోయినా, అది ఏ ఫోల్డరులో ఉందో చూస్తే ఏ సంస్థ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిందో తెలిసిపోతుంది.

ఇక్కడ తొందరపడవద్దు. మాడ్యూల్ పేరు ‘ఎన్‌టీడీఎల్ఎల్’ అని ఉంటే విండోసే చెడిపోయిందని కాదు. దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆ ఫైలు గుండానే పనిచేస్తుంది. ఒక యాడ్-ఇన్ మెమొరీని ముందే పాడుచేసి ఉంటే, ఆ నష్టం చాలాసార్లు ఇక్కడికి వచ్చాకే బయటపడుతుంది. ఎక్సెప్షన్ కోడ్ ‘సి0000374’తో ముగిస్తే మెమొరీ అలా పాడైందని అర్థం, ‘సి0000005’తో ముగిస్తే తనకు హక్కు లేని చిరునామాను ముట్టుకున్నట్లు అర్థం. మాడ్యూల్ పేరు ఒకే క్రాష్‌లో కనిపిస్తే సూచనగా మాత్రమే తీసుకోండి. వేర్వేరు రోజుల క్రాష్‌లలో అదే పేరు మళ్ళీ మళ్ళీ వస్తే అప్పుడు నమ్మవచ్చు.

అదే లాగ్‌లో అవుట్‌లుక్ పేరుతో నమోదయ్యే 45 సంఖ్య ఈవెంట్‌ను కూడా తెరవండి. ప్రతిసారి తెరిచినప్పుడు ఏయే యాడ్-ఇన్‌లు లోడయ్యాయో, ఒక్కోదానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అందులో ఉంటుంది. ఎప్పుడో మరిచిపోయిన యాడ్-ఇన్‌లు ఇక్కడ దొరికిపోతాయి.

థండర్‌బర్డ్‌లో ఇటువంటి వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ పేజీలో నడుస్తున్న యాడ్-ఆన్‌ల జాబితా, వాటి వెర్షన్‌లు, పంపిన క్రాష్ రిపోర్టులు ఉంటాయి. ఒక రిపోర్టును తెరిస్తే ఆ క్షణంలో మెమొరీలో ఉన్న మాడ్యూళ్ళన్నీ వరుసగా కనిపిస్తాయి. వాటిలో మొజిల్లాకు గానీ విండోస్‌కు గానీ చెందని పేర్లను ముందుగా పరిశీలించండి. యాడ్-ఆన్‌ల జాబితాలో లేకుండా చొరబడిన యాంటీవైరస్ డీఎల్ఎల్‌లు బయటపడేది ఇక్కడే.

అప్‌డేట్ తరువాత పాత థండర్‌బర్డ్ యాడ్-ఆన్‌లు పనిచేయడం లేదు. బలవంతంగా నడపవచ్చా?

వద్దు. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి థండర్‌బర్డ్ మెయిల్ఎక్స్‌టెన్షన్స్ అనే కొత్త పద్ధతిలో రాసిన యాడ్-ఆన్‌లనే అనుమతిస్తోంది. పాతవాటికి ప్రోగ్రామ్ లోపలి భాగాలన్నిటి మీదా స్వేచ్ఛ ఉండేది. ప్రోగ్రామ్ మారిన ప్రతిసారీ అవి కూలడానికి అసలు కారణం ఆ స్వేచ్ఛే. కొన్నింటి అవసరం కూడా తీరిపోయింది: ఉత్తరాల ఎన్‌క్రిప్షన్ కోసం చాలామంది వాడిన ఎనిగ్‌మెయిల్ చేసే పనిని ఆ 78వ వెర్షన్ నుంచే థండర్‌బర్డ్ తనలో కలుపుకొంది.

లింకు నొక్కినప్పుడు మాత్రమే క్రాష్ అవుతోంది.

ముందు కూలుతున్నది ఏదో గమనించండి. లింకు నొక్కినప్పుడు మెయిల్ ప్రోగ్రామ్ ఆ చిరునామాను డిఫాల్ట్ బ్రౌజర్‌కు అప్పగిస్తుంది. బ్రౌజర్ తెరుచుకొని అది మూతపడితే తప్పు బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ది. దాన్ని పరీక్షించడానికి డిఫాల్ట్ బ్రౌజర్‌ను తాత్కాలికంగా మరోదానికి మార్చి అదే లింకును నొక్కండి. బ్రౌజర్ అసలు తెరుచుకోకుండానే మెయిల్ ప్రోగ్రామ్ మూతపడితే, లింకులను ముందుగా తనిఖీ చేసే భద్రతా యాడ్-ఇన్‌ను చూడాలి.

అటాచ్‌మెంట్ ప్రివ్యూ చూసేటప్పుడు ఆగిపోతోంది.

పీడీఎఫ్ రీడర్ల ప్రివ్యూ భాగాలు రెండు ఉండి పోటీపడుతున్నప్పుడు ఇది ఎదురవుతుంది. అవుట్‌లుక్ ఆప్షన్స్‌లో ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్‌కు వెళ్ళి, అటాచ్‌మెంట్ హ్యాండ్లింగ్‌లో ప్రివ్యూయర్ల జాబితా తెరిచి, అనుమానం ఉన్నదాన్ని ఆపండి. ఫైలును సేవ్ చేసి తెరవడం ఎలాగూ ఉంటుంది.

యాంటీవైరస్సే దోషి అని తేలితే దాన్ని తీసివేయాలా?

తీసివేయనవసరం లేదు, ఆపి వదిలేయడం అసలే వద్దు. చాలా యాంటీవైరస్‌లలో ఉత్తరాలను స్కాన్ చేసే భాగం విడిగా ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆ ఒక్కదాన్ని ఆపి, ఫైళ్ళను స్కాన్ చేసే ప్రధాన భాగాన్ని నడవనివ్వండి. అటాచ్‌మెంట్‌ను డిస్కు మీద సేవ్ చేసిన క్షణంలో అది ఎలాగూ తనిఖీ అవుతుంది. దీనికన్నా ముందు యాంటీవైరస్‌ను తాజా వెర్షన్‌కు అప్‌డేట్ చేసి చూడండి.

థండర్‌బర్డ్ వాడేవారు మరో ప్రమాదాన్ని గుర్తుంచుకోవాలి. అది ఒక ఫోల్డరులోని ఉత్తరాలన్నిటినీ మామూలుగా ఒకే పెద్ద ఫైలులో దాస్తుంది. యాంటీవైరస్ అందులో ఒక్క చెడ్డ ఉత్తరాన్ని గుర్తించి ఆ మొత్తం ఫైలును క్వారంటైన్‌లో పెడితే, ఇన్‌బాక్స్ అంతా మాయమైనట్లు కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లోని ప్రైవసీ అండ్ సెక్యూరిటీ విభాగంలో, వచ్చే ప్రతి ఉత్తరాన్నీ యాంటీవైరస్ విడిగా పరిశీలించేలా అనుమతించే గడి ఉంది. దానిలో టిక్ పెట్టుకోవడం మంచిది.

సేఫ్ మోడ్‌లో కూడా క్రాష్ అవుతోంది. ఇప్పుడేం చేయాలి?

యాడ్-ఆన్‌ల మీద అనుమానం చాలావరకు వదిలేయండి. కొత్త ప్రొఫైల్ (మీ ఖాతాలు, సెట్టింగులు దాచే చోటు) తయారుచేసి అందులో ఖాతా పెట్టి చూడండి. పాత ప్రొఫైల్‌ను తొలగించవద్దు. కొత్తదానిలో అంతా సవ్యంగా ఉంటే పాత ప్రొఫైల్‌లో ఏదో ఫైలు చెడిపోయిందని తెలుస్తుంది. అవుట్‌లుక్ డేటా ఫైలు చెడితే ఇన్‌బాక్స్ రిపేర్ టూల్ ఉంది; దాన్ని నడిపేముందు ఫైలుకు ఒక నకలు తీయండి. కొత్త ప్రొఫైల్‌లోనూ క్రాష్ అయితే గ్రాఫిక్స్ డ్రైవర్, చొరబడే డీఎల్ఎల్‌లు మిగులుతాయి.

అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ పెట్టుకుంటే తేలిగ్గా పోదా?

చాలాసార్లు పోదు. థండర్‌బర్డ్‌ను తొలగించినా ప్రొఫైల్ ఫోల్డరు, అందులోని యాడ్-ఆన్‌లు అలాగే ఉండిపోయి కొత్త ఇన్‌స్టాలేషన్‌ను పలకరిస్తాయి. అవుట్‌లుక్ యాడ్-ఇన్‌ల నమోదు విండోస్ రిజిస్ట్రీలో ఉంటుంది కనుక అదీ చెక్కుచెదరదు. ప్రొఫైల్‌ను కూడా చెరిపేస్తే యాడ్-ఆన్‌తో పాటు ఉత్తరాలూ పోయే ప్రమాదం ఉంది: ఐమ్యాప్ ఖాతా అయితే సర్వర్‌లో ఉన్నవి తిరిగి వస్తాయి, కానీ పాప్ ఖాతాలో సర్వర్ నుంచి దించుకొని అక్కడ చెరిపేసినవి, ఏ ఖాతాలోనైనా లోకల్ ఫోల్డర్లలో దాచుకున్నవి తిరిగి రావు. బ్యాకప్ లేకుండా ఈ పనికి దయచేసి పూనుకోవద్దు.

కొత్త అవుట్‌లుక్‌కు మారితే ఈ బాధ తప్పుతుందా?

కామ్ యాడ్-ఇన్‌ల బాధ తప్పుతుంది, ఎందుకంటే అది వాటిని అసలు లోడ్ చేయదు. వెబ్ పద్ధతిలో రాసిన యాడ్-ఇన్‌లనే తీసుకుంటుంది. మీ పని ఒక కామ్ యాడ్-ఇన్ మీదే ఆధారపడి ఉంటే దానికి వెబ్ రూపం ఉందో లేదో చూసుకున్నాకే మారండి.

మ్యాక్‌లోని మెయిల్ యాప్ సంగతేమిటి?

అక్కడ పాత తరహా మెయిల్ ప్లగిన్‌లు యాప్ లోపలే నడిచేవి, సిస్టమ్ మారినప్పుడల్లా తెగిపోయేవి. యాపిల్ 2021లో మ్యాక్ఓఎస్ 12తో మెయిల్‌కిట్ అనే కొత్త పద్ధతిని తెచ్చింది. 2023లో వచ్చిన మ్యాక్ఓఎస్ 14లో పాతవాటికి మద్దతు లేదు.

నేను బ్రౌజర్‌లోనే మెయిల్ చూస్తాను. పేజీ మధ్యలో కూలిపోతోంది.

ప్రైవేట్ విండోలో అదే ఖాతా తెరవండి. మీరు ప్రత్యేకంగా అనుమతించి ఉంటే తప్ప అక్కడ ఎక్స్‌టెన్షన్‌లు నడవవు. బాగా పనిచేస్తే, పైన చెప్పిన సగం సగం పద్ధతినే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌లకు వర్తింపజేయండి. ప్రకటనలను ఆపేవి, వ్యాకరణం దిద్దేవి, ఉత్తరం ఎప్పుడు చదివారో కనిపెట్టేవి పేజీలోని రాత పెట్టెను మారుస్తాయి కనుక వాటిని ముందు పరీక్షించండి.

దోషి దొరికింది. తయారీదారుకు ఏమని రాయాలి?

మెయిల్ ప్రోగ్రామ్ వెర్షన్, యాడ్-ఆన్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, అవి 32 బిట్‌వా 64 బిట్‌వా అన్నది, ఏ పని చేస్తే క్రాష్ వస్తుందో ఆ పనుల వరుస, ఈవెంట్ వ్యూయర్‌లోని మాడ్యూల్ పేరు లేదా థండర్‌బర్డ్ క్రాష్ రిపోర్టు గుర్తింపు సంఖ్య రాయండి. జతగా పొసగనివైతే రెండు యాడ్-ఆన్‌ల తయారీదారులకూ ఒకే వివరాలు పంపండి, లేకపోతే ఒకరు తప్పు రెండోవారి మీదకు నెట్టే అవకాశం ఉంటుంది. మెమొరీ డంప్ ఫైలు అడిగితే మాత్రం ఆలోచించి ఇవ్వండి. క్రాష్ అయిన క్షణంలో తెరిచి ఉన్న ఉత్తరాల భాగాలు, చిరునామాలు అందులో ఉండవచ్చు. అది తప్పనిసరైతే, వ్యక్తిగత ఉత్తరాలేవీ లేని పరీక్ష ఖాతాలో అదే క్రాష్‌ను మళ్ళీ తెప్పించి, ఆ డంప్‌ను పంపండి.